కంటి చుట్టూ వేడి చికిత్స – ఇదివరకు చేయించుకున్నది దాచవద్దు



ఈసారి వానాకాలపు జ్వరాల గురించి రాయాలనుకున్నాము. కానీ కొన్ని నెలలుగా మా కంటి ఓ.పి.లోనూ, చర్మవ్యాధుల ఓ.పి.లోనూ ఒక కొత్త రకం ఇబ్బంది చూస్తున్నాము. జ్వరాల సంగతి వచ్చే సంచికలో రాస్తాము.

ఆ మధ్య ఒకావిడ భర్తను వెంటబెట్టుకుని వచ్చారు. యాభై ఏళ్లుంటాయి. కూతురి పెళ్లి అప్పుడే అయింది. కుడి కంటి కింది రెప్ప ఎర్రగా వాచి, దాని కింద పెసరగింజంత బొబ్బ ఉంది. కన్ను నీరు కారుతోంది. నగరంలో ఒకచోట "మిషనుతో చర్మం బిగిస్తారు" అంటే వెళ్లి చేయించుకున్నారట. మొద్దుబారే క్రీము మందంగా రాశారు కాబట్టి చేస్తున్నప్పుడు నొప్పి తెలియలేదు. ఇంటికొచ్చాక మంట మొదలైంది.

మా సిస్టరు వివరాలు రాసుకుంటూ అడిగింది, "అమ్మా, కంటి దగ్గర ఇంతకుముందు ఇంకేమైనా చేయించుకున్నారా?" అని. ఆవిడ, "ఏమీ లేదండీ" అన్నారు. ఆయన మందుల చీటీ తీసుకుని ఫార్మసీకి వెళ్లాక మెల్లగా చెప్పారు. "పది రోజుల కింద ఇంకోచోట కళ్ల కింద గుంటలకు ఇంజక్షన్ వేయించుకున్నానండీ. ఆయనకు తెలియదు. చెప్పకండి సిస్టర్ గారూ." ఈ మిషను దగ్గర కూడా ఇదే ప్రశ్న అడిగారట. అక్కడా లేదనే చెప్పారట.

ఆ ఇంజక్షను వల్లే కాలిందని మేము చెప్పలేము. కానీ సూది పెట్టిన చోట వాపు, కమిలిన రక్తం ఇంకా తగ్గని చర్మం మీద వేడి పెట్టారన్నది మాత్రం నిజం. మిషను పట్టుకున్నవారికి ఆ సంగతి తెలియదు. చర్మం కింద ఏముందో మిషనుకు అసలే తెలియదు. తెలిసిన మనిషి ఒక్కరే, ఆవిడే చెప్పలేదు.

వేడి చర్మాన్ని ఎలా బిగిస్తుంది?

మన చర్మం లోపలి పొరలో కొల్లాజెన్ అనే పీచు ఉంటుంది. చర్మానికి బిగువు ఇచ్చేది అదే. వయసుతో పాటు అది సడలుతుంది, తగ్గుతుంది. మాంసం వండేవారికి తెలుసు, పొయ్యి మీద పెట్టగానే ముక్క ముడుచుకుని చిన్నదవుతుంది. అది ఎక్కువగా ఈ పీచు చేసే పనే. సుమారు 60 నుండి 65 డిగ్రీల సెంటీగ్రేడు వేడి తగిలితే కొల్లాజెన్ ముడుచుకుంటుంది. ఆ చిన్న దెబ్బను మాన్పుకోవడానికి శరీరం కొత్త పీచును తయారు చేస్తుంది. ఈ మిషన్లన్నీ ఆధారపడేది ఈ రెండు సంగతుల మీదే. కొత్త పీచు రావడానికి మూడు నుండి ఆరు నెలలు పడుతుంది. నెల తిరగకుండానే "ఏమీ తేడా లేదు, ఇంకోసారి పెట్టండి" అని వెళ్లడం తొందరపాటు.

60 డిగ్రీల నీళ్లు చేతి మీద పడితే కొద్ది సెకన్లలోనే బొబ్బలెక్కుతుంది. కాబట్టి ఈ చికిత్సలో నేర్పంతా లోపలి పొరను వేడి చేస్తూ పైపొరను చల్లగా ఉంచడంలోనే ఉంది. మంచి మిషన్లలో చర్మానికి తగిలే భాగమే చల్లదనం కూడా ఇస్తుంది. కొన్ని అంత వేడికి పోకుండా 40 డిగ్రీలు దాటిన వెచ్చదనాన్నే ఎక్కువసేపు ఇస్తాయి.

వీటిలో ఎక్కువగా వాడేది రేడియో ఫ్రీక్వెన్సీ. మా నర్సులకు ఇది పాత చుట్టమే. ఆపరేషన్ థియేటర్లో రక్తం ఆపడానికి వాడే కాటరీ మిషను కూడా ఈ జాతిదే. 1926లో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ హార్వీ కుషింగ్, విలియమ్ బోవీ తయారు చేసిన మిషనుతో మెదడు ఆపరేషన్లు మొదలుపెట్టినప్పటి నుండి అది థియేటర్లలో ఉంది. కాటరీ పెట్టేముందు రోగి తొడ కింద ప్లేటు సరిగా అంటుకుందా, ఒంటి మీద లోహం ఏమైనా ఉందా, పక్క తడిగా ఉందా అని చూడనిదే మేము మిషను ఆన్ చేయనివ్వము. ప్లేటు ఒక మూల లేచినా అక్కడ కాలుతుంది. అందం కోసం వాడినంత మాత్రాన ఈ కరెంటు తన గుణం మార్చుకోదు. 2002లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఇటువంటి మిషనును మొదట అనుమతించింది కంటి చుట్టూ ముడతలకే. అంటే కంటి చుట్టూ ఈ చికిత్స చేయనే కూడదని కాదు. సరైన పరికరంతో, సరైన కాపలాతో, నేర్చుకున్నవారు చేయాలి.

రెండవ రకం అల్ట్రాసౌండు. స్కానింగులో వాడే శబ్ద తరంగాలనే భూతద్దంతో ఎండను ఒకచోట చేర్చినట్లు లోపల ఒక బిందువు దగ్గర చేర్చి వేడి పుట్టిస్తారు. 2009లో కనుబొమను పైకెత్తడానికి దీనికి అమెరికాలో అనుమతి వచ్చింది. కనుబొమ అన్నారు, కంటిరెప్ప అనలేదు. ఈ తేడా గుర్తుంచుకోండి. ఇవిగాక లేజర్లు ఉన్నాయి. సన్నని సూదులు గుచ్చి వాటి కొనల నుండి రేడియో ఫ్రీక్వెన్సీ పంపేవీ ఉన్నాయి. ఈ సూదుల మిషన్ల గురించి 2025 అక్టోబరులో ఆ అమెరికా సంస్థే హెచ్చరిక జారీ చేసింది. కాలిన గాయాలు, మచ్చలు, చర్మం కింద కొవ్వు కరిగి ముఖం సొట్టపడడం, నరాలు దెబ్బతినడం వంటివి తమ దృష్టికి వచ్చాయని, ఇది వైద్య చికిత్సే గాని ఇంట్లో చేసుకునే అలంకరణ కాదని చెప్పింది.

కన్ను దగ్గర ఇంత జాగ్రత్త ఎందుకు?

ఒంటి మీద అన్నిటికంటే పలుచని చర్మం కంటిరెప్పది. సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది. కండతో, లోపలి పొరతో కలిపి రెప్ప మొత్తం మందం చూసినా కొద్ది మిల్లీమీటర్లే. దాని వెనకే నల్లగుడ్డు. ఇప్పుడు అల్ట్రాసౌండు మిషన్ల లెక్క చూడండి. వాటి వేడి బిందువు చర్మం కింద 1.5, 3, లేదా 4.5 మిల్లీమీటర్ల లోతున పడేలా తయారు చేస్తారు. చెంప మీద 4.5 మిల్లీమీటర్లంటే ఇంకా కండలోనే ఉంటుంది. రెప్ప మీద అదే పెడితే రెప్పను దాటి కంటిలోకి పోతుంది. శిక్షణ లేనివారు ఇలా చేసినందువల్ల కంటిలో శుక్లం వచ్చినవారి గురించి, కంటి లోపల వాపు వచ్చినవారి గురించి వైద్య పత్రికలలో వచ్చింది. శుక్లం వచ్చేది కంటి లోపలి కటకానికి. ఆ కటకానికి రక్తనాళాలు లేవు. మిగిలిన శరీరంలో రక్తం ప్రవహిస్తూ వేడిని కొంత లాక్కుపోతుంది. కటకానికి ఆ సదుపాయం లేదు.

ఎక్కడిదాకా పెట్టవచ్చో చెప్పడానికి మా కంటి డాక్టరు గారు ఒక సులువైన గుర్తు చెబుతుంటారు. కన్ను మూసుకుని వేలితో కంటి చుట్టూ మెల్లగా తడమండి. గట్టిగా ఎముక అంచు తగులుతుంది. ఎముక తగిలినంత మేరా వెనక గోడ ఉన్నట్లు. ఎముక దాటి మెత్తగా తగిలితే అక్కడ వెనక ఉన్నది కన్నే. ఎముక అంచు లోపల అల్ట్రాసౌండు పెట్టనివ్వవద్దు. రేడియో ఫ్రీక్వెన్సీ అయితే రెప్పల కోసమే చేసిన చిన్న పరికరం ఉండాలి, కంటిలో కవచం ఉండాలి.

కంటిలో కవచం అంటే పైన పెట్టుకునే కళ్లద్దాలు కాదు. రెప్ప కింద, నల్లగుడ్డు మీద పెట్టే చిప్ప. మొద్దుబారే చుక్కలు వేసి, ఆయింట్‌మెంటు పూసి పెడతారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. లేజరుకైతే లోహపు చిప్ప కావాలి, ప్లాస్టిక్‌ది కరగవచ్చు. రేడియో ఫ్రీక్వెన్సీకైతే ప్లాస్టిక్ చిప్ప కావాలి, ఎందుకంటే లోహంలోకి కరెంటు పాకుతుంది. రెంటికీ ఒకటే చిప్ప వాడే చోట నుండి లేచి రండి. "కళ్లు గట్టిగా మూసుకోండి చాలు" అనే చోటైతే కూర్చోనే వద్దు. వెంట్రుకలు తీసే లైటు మిషన్లను కవచం లేకుండా రెప్పల దగ్గర వాడినందువల్ల కంటిపాప ఆకారం మారిపోయినవారు ఉన్నారు. మూసిన రెప్ప వెలుతురును పూర్తిగా ఆపదు.

ఇదివరకు చేయించుకున్నవి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. ఈ రోజుల్లో కంటి దగ్గర ఒక్కటే చేయించుకునేవారు తక్కువ. బొటాక్స్ ఒకచోట, ఫిల్లర్ ఇంకోచోట, అమెరికాలో కూతురి దగ్గరకు వెళ్లినప్పుడు ఏదో ఒకటి, తిరిగొచ్చాక ఇక్కడ ఇంకొకటి. ఒకరు చేసింది ఇంకొకరికి తెలియదు.

బొటాక్స్ ముందు కంటి విభాగం మందేనని చాలామందికి తెలియదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో డాక్టర్ అలన్ స్కాట్ మెల్లకన్ను సరిచేయడానికి దీన్ని పరిశోధించారు. 1989లో అమెరికాలో అనుమతి వచ్చింది మెల్లకన్నుకు, రెప్పలు బిగుసుకుపోయే జబ్బుకు. ముడతలకు వాడవచ్చని కెనడాలో ఒక కంటి డాక్టరు, చర్మ డాక్టరు అయిన ఆమె భర్త గమనించి రాసింది తరువాతి మాట. ఈ మందు వేసిన చోట కండను పట్టుకుని పూర్తిగా పనిచేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. వేసిన వెంటనే ఆ చోట వేడి పెట్టి రుద్దితే మందు పక్కకు జరిగి పైరెప్పను ఎత్తే కండకు చేరుతుందేమోనని డాక్టర్ల జాగ్రత్త. చేరితే రెప్ప కొన్ని వారాలు వాలిపోతుంది. కాబట్టి కనీసం రెండు వారాలు ఆగమంటారు. రెండూ ఒకే రోజు చేయవలసి వస్తే ముందు వేడి, తరువాత సూది.

ఫిల్లర్ విషయంలో భయం కొంత ఎక్కువగానే ప్రచారమయింది. ముక్కు పక్క గీతలలో హైలురానిక్ ఆసిడ్ ఫిల్లర్ పెట్టి, వెంటనే వేడి తగిలించి చూసిన చిన్న పరిశోధనలలో ఫిల్లర్ కరిగిపోయినట్లు కనబడలేదు. కానీ అది ముక్కు పక్కన మందమైన చర్మం. కంటి కింద ఫిల్లరు చాలా పైపైన ఉంటుంది, సూదుల మిషను దానిలోకే దిగవచ్చు. రెండు నుండి నాలుగు వారాలు, అంటే వాపు, కమిలిన రంగు పూర్తిగా పోయేదాకా ఆగడం మంచిదని డాక్టర్లు చెబుతారు. "ఏడాదయింది, ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది" అనుకోవద్దు. కంటి కింద ఫిల్లరు అంతకు మించి ఉండిపోవడం మామూలే. ఇక పేరు తెలియని మందు, సిలికాన్ వంటిది ఎక్కించుకున్నవారైతే దాని మీద వేడి పెట్టించుకోనే వద్దు. అసలు ఏమి ఎక్కించారో రాసి ఇవ్వని చోట సూది వేయించుకోవడమే తప్పు.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త రెప్పల ఆపరేషను అయినవారికి కావాలి. ఆపరేషనులో చర్మం కొంత కోసి తీసేస్తారు. ఆ తరువాత కొన్ని నెలల దాకా ఆ ప్రాంతం మొద్దుగా ఉంటుంది. కొందరు కాటుక పెట్టుకుంటుంటే వేలు తగిలింది తెలియడం లేదంటారు. వేడి చికిత్సలో నొప్పే మన కాపలాదారు. వేడి హద్దు దాటిందని మొదట చెప్పేది రోగి నోరే, మిషను మీటరు కాదు. మొద్దుబారిన చర్మం ఆ మాట చెప్పలేదు. మొద్దుబారే క్రీము దట్టంగా రాసినా అంతే. మా వార్డులలో షుగరు రోగుల పాదాలు వేడినీళ్ల సంచితో కాలడం చూసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. స్పర్శ తెలియని చోట వేడి పెట్టకూడదన్నది నర్సింగు మొదటి సంవత్సరం పాఠం.

ఇంకొకటి. ఆపరేషనులో చర్మం ఇప్పటికే పొట్టిదయింది. దాని మీద వేడితో మళ్లీ ముడుచుకుంటే, ముఖ్యంగా లేజరుతో, కింది రెప్ప అంచు కిందికి లాగబడి బయటకు తిరగవచ్చు. లేదా నిద్రలో కన్ను పూర్తిగా మూతపడదు. నల్లగుడ్డు ఆరిపోతుంది, పుండు పడుతుంది. అక్కడి నుండి సమస్య అందానిది కాదు, చూపుది. అందుకని మూడు నెలలలోపు వద్దని, చాలామందికి ఆరు నెలలు ఆగడం మేలని చెబుతారు. ఎంతకాలమన్నది ఆపరేషను చేసిన డాక్టరే చెప్పాలి. ఇప్పుడు మీ కన్ను నిద్రలో మూతపడుతోందో లేదో ఇంట్లోవారిని చూడమనండి. ఖర్చు లేని పరీక్ష.

చూపు సరిచేసే లేజరు ఆపరేషను అయినవారు ఆ మాట కూడా చెప్పాలి. వారిలో చాలామందికి కళ్లు పొడిబారి ఉంటాయి, నల్లగుడ్డు స్పర్శ కొంతకాలం తగ్గి ఉంటుంది. ముఖంలో దారాలు వేయించుకున్నవారు, అందులో బంగారు దారాలైతే మరీ ముఖ్యంగా, చెప్పాలి. కొవ్వు ఎక్కించుకున్నవారు, రెప్పల అంచున శాశ్వత కాటుక పొడిపించుకున్నవారు చెప్పాలి. ఆ రంగులలో ఇనుము ఉంటే లేజరుకు నల్లబడి పోతాయి. గుండెలో పేస్‌మేకరు ఉన్నవారికి రేడియో ఫ్రీక్వెన్సీ పనికిరాదు. పెదవుల మీద తరచు జ్వరపు పొక్కులు వచ్చేవారు ముందే చెబితే డాక్టరు మాత్రలు రాస్తారు.

చేయించుకునే రోజున కాటుక ఆనవాలు లేకుండా తుడుచుకోండి. నల్లరంగు లేజరు వేడిని పట్టుకుంటుంది. ముక్కుపుడక, కమ్మలు, గొలుసులు తీయాలి. తాళి తీయడానికి మనసొప్పనివారు ముందుగానే చెప్పండి, ఏమి చేయవచ్చో డాక్టరు చూస్తారు. తీయలేదని దాచి పడుకోవద్దు. మొద్దుబారే క్రీము ఎంత తక్కువైతే అంత మంచిది. "వేడిగా ఉంది" అనడం వేరు, "కాలుతోంది" అనడం వేరు. కాలుతోందనిపించగానే చేయి ఎత్తండి. మొహమాటపడి, డబ్బు కట్టాము గదా అని ఓర్చుకోవద్దు.

వాలినదంతా చర్మం కాదు

కళ్ల కింద వాపు పొద్దున్నే ఎక్కువగా ఉంటే మూత్రపిండాలు, థైరాయిడ్ చూపించుకోండి. రెప్ప సాయంత్రానికి వాలుతూ ఉదయానికి లేస్తుంటే అది కండరాల జబ్బు కావచ్చు. ఉన్నట్టుండి ఒక రెప్ప వాలి, తలనొప్పితో ఒక వస్తువు రెండుగా కనబడితే అది అత్యవసరం, ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్లాలి. వీటిలో దేనికీ వేడి మిషను మందు కాదు. కళ్ల కింద సంచుల్లా ఉబ్బిన కొవ్వును కూడా ఇది తీయలేదు.

కాలితే ఏమి చేయాలి?

కొద్దిపాటి ఎరుపు, వాపు ఒకటి రెండు రోజులు ఉండడం మామూలే. బొబ్బ, తెల్లబడిన మచ్చ, తగ్గని మంట మామూలు కాదు. శుభ్రమైన చల్లని నీళ్లతో తడిపిన గుడ్డ మారుస్తూ ఇరవై నిమిషాలు వేయండి. ఐసు నేరుగా పెట్టవద్దు. టూత్‌పేస్టు, పసుపు, నెయ్యి పూయవద్దు. బొబ్బ చిదపవద్దు. మన రంగు చర్మంలో చిన్న కాలుడు కూడా నెలల తరబడి నల్లమచ్చగా నిలుస్తుంది, ఎండ తగిలితే ఇంకా ముదురుతుంది.

కన్ను నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నల్లగుడ్డు చుట్టూ ఎరుపు, ఇవి ఉంటే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు రండి. మందుల షాపులో అడిగి చుక్కలు వేసుకోవద్దు. స్టెరాయిడ్ చుక్కలైతే నల్లగుడ్డు పుండును పెంచుతాయి. మొద్దుబారే చుక్కలైతే నొప్పిని దాచి పుండును మాననివ్వవు. ఫిల్లర్ సూది వేసిన వెంటనే చూపు పోయినా, చర్మం పాలిపోయి చారలుగా మారినా నిమిషాలలో కదలాలి. ముందు ఆ చేసినవారికే అక్కడే చెప్పాలి. కొన్ని వారాలు గడిచాక ఆ చోట గుంట పడినా, రెప్ప అంచు జారినా చూపించుకోండి. ఆలస్యమయిందని మానవద్దు.

మొదట చెప్పిన ఆవిడకు బొబ్బ రెండు వారాలలో మానింది. నల్లమచ్చ ఇంకా ఉంది. కింది రెప్ప కొద్దిగా వదులైనట్లుంది, గాలికి నీరు కారుతోంది. కంటి డాక్టరు గారు మూడు నెలలు చూసి చెబుతామన్నారు. ఆవిడ ఇప్పటికీ ఒక్కరే వస్తున్నారు.

ఆవిడ వల్ల మేమూ ఒక పని మార్చుకున్నాము. ఓ.పి.లో ముఖం, కళ్ల ఇబ్బందులతో వచ్చినవారిని వెంట వచ్చినవారి ఎదుట అడగడం మానేశాము. రక్తపోటు చూసే గదిలో, తలుపు వేసి, ఒక్కరినే అడుగుతున్నాము. ఏమి చేయించుకున్నారు, ఎక్కడ, ఏ తేదీన, ఏ మందు అని. చెప్పింది ఓ.పి. కాగితం మీద డాక్టరు కోసం రాస్తాము. ఇంట్లోవారికి చెప్పము. మందు పేరున్న స్టిక్కరు గాని, బిల్లు గాని ఉంటే తెచ్చుకోండి. లేకపోతే తేదీ గుర్తుచేసుకుని రండి, అదీ ఉపయోగమే.